‘పురుగు ముట్టింది’ – ఒక మాట వెనుక కథ



మొన్న మా మనుమరాలు స్నానాలగదినుండి కేకవేసి బయటకు పరుగెత్తుకొని వచ్చింది. వెళ్ళి చూస్తే గోడమీద అరచేతి వెడల్పున ఒక సాలీడు. పొట్టక్రింద తెల్లని బిళ్ళవంటిదేదో పట్టుకొని కదలక మెదలక ఉన్నది. "తాతయ్యా, అది కఱిస్తే చచ్చిపోతారట!" అని తన ఫోనులో ఏదో అమెరికా సాలీడు బొమ్మ చూపింది. ఆ బొమ్మలోని సాలీడు మన దేశానిది కాదు. మా గోడమీదిది రాత్రిళ్ళు బొద్దింకలను వేటాడి తినే సాధుజీవి. తెల్లని బిళ్ళ దాని గ్రుడ్ల సంచి. ఆ మాటే చెప్పి, చీపురుతో మెల్లగా కిటికీ బయటకు సాగనంపాను.

అంతటితో ఆ కథ ముగిసింది. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాదాపు నలభైయేండ్ల క్రిందటి మఱొక సాలీడు జ్ఞాపకానికి వచ్చింది. దానిని నేను చూడలేదు. నిజానికి ఎవరూ చూడలేదు. ఆ సంగతి చివర చెప్తాను. దానికి ముందు కొంత పాతకథ అవసరం.

తెలుగుపండితుని అలవాటు చొప్పున ముందు మాటను పట్టుకొంటాను. సాలె అనగా నేతపనివాడు. సాలెవాడే సాలీడు. నేసే పురుగు కనుక సాలెపురుగు. అమరకోశం దీనికి లూత, తంతువాయము, ఊర్ణనాభము, మర్కటకము అని పేర్లు చెప్పింది. తంతువాయమన్నా నేతగాడే. ఊర్ణనాభమంటే బొడ్డున ఉన్ని కలది. ఈ పేర్లలో మెచ్చుకోలు ఉన్నది కాని వెఱపు లేదు. లూత అన్న పేరు వెనుక మాత్రం విషం కథ ఉన్నది.

ఇక పురుగు సంగతి. మా ఉద్దానంలోను, పలాస, టెక్కలి పల్లెలలోను దీపాలు పెట్టిన తరువాత పెద్దవాళ్ళు పాము పేరెత్తేవారు కారు. ‘పురుగు’ అనేవారు. ‘పురుగు ముట్టింది’ అంటే పాము కఱచిందని అర్థం. పేరు పలికితే వచ్చి కూర్చుంటుందన్న భయం. తెలుగునేలమీద ఇంకా చాలాచోట్ల ఈ ఆచారమున్నది. అందువలన జరిగినదేమిటి? చీమ, జెఱ్ఱి, తేలు, సాలీడు, నాగుపాము అన్నీ ఒక్క మాటలో దూఱిపోయాయి. పగలు వేఱువేఱుగా ఉండేవి చీకటిపడితే ఒక్కటైపోయాయి.

విషజంతువులగుఱించి మనిషి సంపాదించిన జ్ఞానమంతా వాటిని ఒకదానినుండి ఒకదానిని వేఱుచేయడంతోనే వచ్చింది. వేఱుచేయలేనిచోట ప్రాణాలు పోయాయి. ఈ టపాలో నేను చెప్పదలచినది ఇదొక్కటే.

ఆ వేఱుచేయడం మన దేశంలో చాలా పూర్వమే మొదలైంది. సుశ్రుతసంహితలో కల్పస్థానం విషవైద్యానికి కేటాయించిన భాగం. అందులో ఎనిమిదవ అధ్యాయం కీటకల్పం. విశ్వామిత్రుడు వసిష్ఠునికి కోపం తెప్పించినప్పుడు ఆ మహర్షి నుదుటి చెమట కోసిపెట్టిన గడ్డిమీద పడిందట. లూనమంటే కోసినది. లూనతృణంనుండి పుట్టినవి కనుక లూతలైనాయని అక్కడి కథ. కథ ఎట్లున్నా, తరువాత వచ్చే విభాగం చూడదగినది. లూతలు పదహారు. త్రిమండల, శ్వేత, కపిల, పీతిక మొదలైన ఎనిమిదింటి విషం కష్టం మీద నయమవుతుంది. సౌవర్ణిక, లాజవర్ణ, జాలిని, కృష్ణ మొదలైన ఎనిమిదింటి విషం అసాధ్యం. తేళ్ళను కూడా మందవిషం, మధ్యవిషం, మహావిషం అని మూడు తెగలుగా విభజించాడు. ఆ పదహారు లూతలను నేటి జాతులతో ఒక్కొక్కటిగా సరిపోల్చబూనడం వ్యర్థం. కాని ‘అన్నీ ఒకటి కావు, అన్నిటికీ ఒకే వైద్యం కాదు’ అన్న చూపు అక్కడ స్పష్టంగా ఉన్నది.

అదే అధ్యాయంలో లూతావిషం ఉండే చోట్లు ఏడని చెప్పాడు. కోఱలు, గోళ్ళు, లాలాజలం, మూత్రం మొదలైనవి. మా ఇళ్ళలో ఒంటిమీద వరుసగా పొక్కులు లేస్తే ‘సాలీడు పాకింది’, ‘సాలీడు ఉచ్చపోసింది’ అనే మాటకు ఇంత పాత వంశవృక్షమున్నదన్నమాట. నేటి చర్మవైద్యులు ఆ నింద సాలీడుమీదనుండి తీసివేశారు. వానకాలంలో దీపానికి వచ్చి వాలే ఒక సన్నని చిన్న పురుగున్నది. నలుపు, నారింజ చారలతో చూడడానికి పెద్ద చీమలాగ ఉంటుంది. అది కుట్టదు, కఱవదు. మెడమీద వాలినప్పుడు మనమే దానిని నలిపివేస్తే, దాని ఒంటిలోని ద్రవం చర్మాన్ని కాల్చి పొక్కులు లేపుతుంది. దానిని నలపక ఊది తోలి, ఆ చోటును సబ్బునీటితో కడిగితే చాలు. ఇక నడుముకో ఛాతీకో ఒకేవైపు పట్టీలాగ లేచి మండే పొక్కులు చాలాసార్లు సర్పి అవుతాయి. అది నరాలలో దాగిన అమ్మవారి జబ్బు క్రిమి మళ్ళీ లేవడంవలన వచ్చేది. రెండింటిలోను సాలీడు ప్రమేయం లేదు.

మన భక్తిసాహిత్యం సాలీడును మఱొక దృష్టితో చూసింది. శ్రీకాళహస్తి పేరులో శ్రీ అంటే సాలీడు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో ఆ మూడింటి భక్తిని విస్తరించి చెప్పాడు. సాలీడు, పాము ఒకే పేరులో ప్రక్కప్రక్కన ఉన్నా, అక్కడ ఒక్కొక్కదానికి ఒక్కొక్క కథ, ఒక్కొక్క స్వభావం. కవి వాటిని కలిపివేయలేదు. కలిపివేసినది మన చీకటి భయమే.

ఇప్పుడు మన కోస్తాకే వద్దాం. 1781లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నం చేరాడు. అంతకు ముందు సిరియాలోని అలెప్పోలో వైద్యం చేసి, అక్కడి ప్లేగునుగుఱించి గ్రంథం వ్రాయడానికి సామగ్రి సమకూర్చుకొన్నవాడు. అతని తమ్ముడు క్లాడ్ రస్సెల్ విశాఖలో కుంపినీ అధికారి. 1785లో కుంపినీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడు కోనిగ్ మరణించగా ఆ పని పాట్రిక్‌కు వచ్చింది. అప్పటి సర్కారు జిల్లాలలో పాముకాటు పెద్ద బెడద. ఏ పాము విషమైనదో, ఏది కాదో తెలియక జనం అన్నిటికీ భయపడుతున్నారని గమనించి, ఆ రెండింటిని వేఱుచేసే గుర్తులు వెదకడం తన పనిగా పెట్టుకొన్నాడు. జనం తెచ్చిచ్చిన పాములను పరీక్షించాడు, నోరు తెఱచి కోఱలు చూశాడు, కోళ్ళమీద, కుక్కలమీద విషం పరీక్షలు చేశాడు. అప్పట్లో పేరుపడ్డ తంజావూరు మాత్రను కూడా పరీక్షకు పెట్టాడు. 1789లో స్వదేశానికి వెళ్ళి 1796లో లండనులో రంగుబొమ్మలతో కోరమాండల్ తీరపు పాముల పుస్తకం అచ్చువేయించాడు.

తెలుగువాడికి ఆ పుస్తకంలో ఆనందం కలిగించే విషయం ఒకటున్నది. రస్సెల్ పాములకు జనం చెప్పిన పేర్లనే వ్రాసిపెట్టాడు. ‘కాటుక రేకుల పొడ’ అన్నది అందులో ఒకటి. వీపుమీద కాటుక దిద్దిన రేకులవంటి మచ్చలు గలదని ఎంత చక్కని పేరు! మనం రక్తపింజర అనేది అదే. ప్రపంచమంతా దానిని ఇప్పుడు రస్సెల్ పేరుతోనే పిలుస్తున్నది. మఱొకటి ‘బంగారు పాము’, పసుపు నలుపు కట్లు గలది. ఆ మాటనుబట్టి ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1803లో ఆ జాతి మొత్తానికి ‘బంగారస్’ అని పేరుపెట్టాడు. మన కట్లపాము కూడా ఆ జాతిలోనిదే. ఏ దేశపు వైద్యగ్రంథం తెఱచినా కట్లపాముకు మన తెలుగు బంగారమే పేరు. పేరు పెట్టి పిలిచిన జనం ఈ కోస్తావాళ్ళే. పగలు ఇంత నిశితంగా చూసి పేర్లు పెట్టినవాళ్ళే రాత్రి అన్నిటినీ ‘పురుగు’ చేసివేశారు!

తెలుగునేలమీద సాలీడుకు అటువంటి గుర్తింపు దక్కడానికి ఇంకొక నూఱేండ్లు పట్టింది. అది మన ఉత్తరాంధ్రలో కాదు, రాయలసీమలో. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక పెద్ద నీలిరంగు సాలీడును 1899లో ఆర్. ఐ. పోకాక్ కొత్త జాతిగా వర్ణించాడు. కలపతోబాటు అది రైలెక్కి గుత్తికి చేరిందని తరువాతివారి ఊహ. ఆ తరువాత నూఱేండ్లపాటు అది ఎవరికంటా పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు నడిమి అడవిలో చెట్టు తొఱ్ఱలలో మళ్ళీ కనిపించింది. 2008లో అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల పట్టికలో చేరింది. ఆ తెగ సాలీళ్ళు కఱిస్తే విపరీతమైన నొప్పి, కండరాల పట్టివేత రావచ్చు. ఐనా మనిషివలన దానికున్న ముప్పే దానివలన మనిషికున్న ముప్పుకంటె ఎన్నో రెట్లు ఎక్కువ.

భయం ఎట్లు పనిచేస్తుందో చూడడానికి అస్సాం వెళ్ళవలసిన పని లేదు కాని, 2012 మే నెలలో అక్కడి సదియా పట్టణంలో జరిగినది తెలిసికోదగినది. సాలీళ్ళ దండు ఊరిమీద పడి కఱచిందని, ఇద్దరు మరణించారని పత్రికలు వ్రాశాయి. మరణాలకు సాలీడు విషమే కారణమని నిర్ధారణ కాలేదు. బాధితులు ముందుగా మంత్రగాళ్ళ దగ్గఱకు వెళ్ళి, బ్లేడులతో గాయాలు కోయించుకొని రక్తం తీయించుకొన్నారని అక్కడి వైద్యులు చెప్పారు. ఏది చంపింది, కాటా, కోతా అన్న ప్రశ్న మిగిలిపోయింది.

ఇప్పుడు నా సంగతి.

1986 వానకాలం. ఉద్దానంలో ఒక ఊళ్ళో నేను తెలుగుపండితుడిని. ఒక ఉదయం బడికి పోతూ, రెండురోజులుగా రాని ఒక విద్యార్థి ఇంటిముందు ఆగాను. కొబ్బరికమ్మల గోడ, పేడ అలికిన నేల, దానిమీద చాప. పిల్లవాడు పడుకొని ఉన్నాడు. తల్లి చెప్పింది: "మొన్న జొరమండీ. తగ్గింది. రేతిరి చేతిమీద సాలీడేదో పాకినట్టుందట మేస్టారూ. తెల్లారగట్ల కడుపునొప్పని గోలెట్టీసినాడు. ఇప్పుడే కునుకు పట్టింది." చేయి చూశాను. వాపు లేదు, గాటు లేదు. కనుఱెప్పలు సగం వాలి ఉన్నాయి. పెదవి మూల చొంగ కారుతున్నది. "లేపకమ్మా, పడుకోనియ్యి" అన్నాను. బడికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం లోపల ఆ పిల్లవాడు ఊపిరి ఆడక పోయాడు. సాయంత్రం ఇల్లు సర్దుతుంటే ధాన్యం బుట్ట వెనుక కట్లపాము బయటపడింది.

కట్లపాము స్వభావం నాకు తరువాత తెలిసింది. రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద నిద్రించేవారిని కఱుస్తుంది. దాని కోఱలు చిన్నవి, కాటు దోమకాటంత కూడా తెలియకపోవచ్చు. వాపు ఉండదు. కొన్ని గంటలకు కడుపునొప్పి, వాంతి. ఆపైన కనుఱెప్పలు వాలడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, చివరకు ఊపిరితిత్తులను ఆడించే కండరాలు చచ్చుబడడం. ఆ పిల్లవాడిది నిద్ర కాదు. ఎదురుగా నిలుచుండి చూసి నేను నిద్ర అన్నాను. ‘సాలీడు’ అన్న మాట విన్న తరువాత నా కన్ను చూడడం మానివేసింది. సుశ్రుతుడు పదహారు లూతలు చెప్పాడని వల్లించగలిగినవాడిని, ‘బంగారస్’ మన మాటే అని ఆ తరువాత పదిమందికి చెప్పుకొని గర్వించినవాడిని. ఆ ఉదయం మాత్రం నాకు కావలసిన ఒక్క తేడా తెలియలేదు.

2020లో వెలువడిన ఒక అధ్యయనం 2000నుండి 2019వఱకు మన దేశంలో పాముకాటు మరణాలు సుమారు 12 లక్షలని, అంటే ఏడాదికి సగటున 58,000 అని లెక్కకట్టింది. అత్యధిక మరణాలు ఎనిమిది రాష్ట్రాలలో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల నడుమ. 2024లో కేంద్రప్రభుత్వం 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కార్యప్రణాళిక ప్రకటించింది. సాలీడు కాటువలన మన దేశంలో మరణం అరుదులో అరుదు. ఐనా మా మనుమరాలి ఫోనులో కనిపించేది సాలీడే.

అందుచేత ఇంట్లో తెలిసికోవలసినవి నాకు తోచినంత చెప్తాను. సాలీళ్ళన్నిటికీ, ఏ కొన్నింటికో తప్ప, విషముంటుంది. కాని అది ఈగకు, బొద్దింకకు సరిపోయే విషం. చాలావాటి కోఱలు మన చర్మంలో దిగవు. సన్నని పొడుగుకాళ్ళతో మూలల్లో వ్రేలాడేది, గోడమీద ఎగిరి దూకే చిన్నది, జీడితోటలో పెద్ద బంగారుదారపు గూడు అల్లేది, ఇవేవీ మనకు హాని చేసేవి కావు. జాగ్రత్తపడవలసినది బఠాణీగింజవంటి గుండ్రని పొట్టతో, ఆ పొట్ట క్రిందివైపు ఎఱుపో నారింజో రంగులో ఇసుకగడియారం ఆకారపు గుర్తుతో ఉండేది. దాని గూడు వలయాకారంగా ఉండదు. చిందరవందరగా, తెంపితే పటపటమనేంత గట్టిగా, నేలకు దగ్గఱగా పాతకుండీల అంచుక్రింద, మెట్ల క్రింద, వాడని సామానులో ఉంటుంది. అది కఱిస్తే కొంతసేపటికి నొప్పి ప్రాకుతుంది, చెమటలు పడతాయి, కండరాలు పట్టుకొంటాయి. కాటును కడిగి చల్లని గుడ్డ పెట్టి ఆసుపత్రికి పోవాలి. సాలీడు విషానికి పాము విరుగుడు పనిచేయదు. మా ఉద్దానంలో అసలే మూత్రపిండాల జబ్బు ఎక్కువ. నొప్పిమాత్రలు దుకాణంలో కొని మ్రింగడం మంచిది కాదు. వైద్యుడే ఇవ్వాలి.

ఇంట్లోకి వచ్చిన సాలీడును చేత్తో పట్టరాదు, చంపనూ అక్కఱలేదు. గాజు గ్లాసు బోర్లించి, అడుగున అట్టముక్క దూర్చి బయట వదలివేయవచ్చు. గూళ్ళు పొడుగుకఱ్ఱ చీపురుతో తీయాలి. మూలనపడ్డ చెప్పులు, గోనెసంచులు, ఆరవేసిన బట్టలు దులిపి తీసికోవాలి. ఈ జాగ్రత్తలు సాలీడుకంటె తేలుకు ఎక్కువ పనికివస్తాయి. పెద్ద నల్లని మండ్రగబ్బను చూసి హడలిపోతాం కాని, చిన్న ఎఱ్ఱతేలు దానికంటె ప్రమాదకరం, ముఖ్యంగా పిల్లలకు. మహారాష్ట్రలోని మహాడ్‌లో హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే వైద్యుడు 1980లలో ప్రాజోసిన్ అనే రక్తపోటు మాత్రతో ఎఱ్ఱతేలు మరణాలను గణనీయంగా తగ్గించాడు. అదీ ఆసుపత్రిలో జరగవలసిన పనే.

ఉద్దానంలో పోగులు ఎక్కువ. కొబ్బరిడొక్కలు, కమ్మలు, జీడిపిక్కల తొక్కలు, వంటచెఱకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గఱ తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. పడిన మ్రాకులు నెలల తరబడి ఇళ్ళ చుట్టూ ఉన్నాయి. పోగు ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పాము. ఆ పోగులను ఇంటి గోడకు ఆనించక దూరంగా పెట్టుకోవాలి. చేయి పెట్టేముందు కఱ్ఱతో కదిలించాలి. నేలమీద కాక మంచంమీద, దోమతెఱ అంచులు పఱుపు క్రిందకు మడిచి పడుకోవాలి. రాత్రి బయటకు వెళ్తే టార్చి ఉండాలి.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. రాత్రి ‘ఏదో కుట్టింది’ అని ఎవరైనా అంటే, కుట్టినదాన్ని కళ్ళారా చూస్తే తప్ప అది సాలీడని అనవద్దు. చూడకపోతే పాముగానే తలచాలి. కోయవద్దు, పీల్చవద్దు, గట్టిగా కట్టు కట్టవద్దు, మంత్రానికి కాలం పోగొట్టవద్దు. ఆ చేతినో కాలినో కదలనీయక, 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. వాపు లేదు కదా, గాటు లేదు కదా అని ధైర్యపడరాదు. ఱెప్పలు వాలుతున్నా, కడుపునొప్పి అన్నా, మింగలేకపోయినా ఒక్క నిమిషం ఆగరాదు. వేళకు చేరితే విరుగుడు మందు, కృత్రిమశ్వాస ఇచ్చి ప్రాణం నిలబెడతారు.

మా మనుమరాలికి ఇదంతా చెప్పాను, ఆ పిల్లవాడి సంగతితో సహా. అంతా విని, "మరి రాత్రిపూట పాము అనొచ్చా తాతయ్యా?" అని అడిగింది.

"అనాలమ్మా. రాత్రిపూటే అనాలి" అన్నాను.

సెలవు.